పడగొట్టక ముందే: రేవు ఒడ్డు పాత కర్మాగారాలను ఫొటోల్లో నమోదు చేయడం

నీటి ఒడ్డున ఉన్న పాత కర్మాగారం రెండుసార్లు మూతపడుతుంది. యంత్రాలు ఆగి, కార్మికులు చివరి జీతం తీసుకుని వెళ్లిపోయినప్పుడు మొదటిసారి. స్థలం చేతులు మారి, కొత్త యజమాని చుట్టూ రేకుల కంచె కట్టించినప్పుడు రెండోసారి. ఈ రెంటి మధ్య మిగిలే వ్యవధే ఫొటోగ్రాఫరుకు దొరికే సమయం. అది ఒకచోట పదేళ్లుంటుంది, ఇంకోచోట పది రోజులు కూడా ఉండదు.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఈస్ట్ రివర్ ఒడ్డున ఉన్న డామినో చక్కెర శుద్ధి కర్మాగారం ఇందుకు మంచి ఉదాహరణ. 1882లో పాత కర్మాగారం తగలబడిపోతే, దాని యజమానులైన హేవ్‌మేయర్ కుటుంబం అక్కడే మరింత పెద్దదాన్ని ఇటుకతో కట్టించింది. 2004లో అక్కడ శుద్ధి పని ఆగింది. 2007లో ప్రధాన భవనాన్ని నగర వారసత్వ కట్టడంగా ప్రకటించారు. 2012లో స్థలమంతా ఒక రియల్ ఎస్టేట్ సంస్థ చేతికి వచ్చింది. 2013లో, తొలగింపు పనులు మొదలయ్యే ముందు, పాల్ రాఫెల్‌సన్ అనే ఫొటోగ్రాఫరు అనుమతి సంపాదించి లోపలి భాగాలను చిత్రించాడు. ఆ చిత్రాలు, అక్కడ పనిచేసినవాళ్ల జ్ఞాపకాలతో కలిసి 2017లో పుస్తకంగా వచ్చాయి. వారసత్వ ప్రకటన బయటి గోడలను కాపాడింది. లోపలి యంత్రాలకు, గొట్టాలకు, తొట్లకు ఆ రక్షణ లేదు. ఇలాంటి కట్టడాల్లో ఎప్పుడూ ముందు పోయేది లోపలి భాగమే. అందుకే దొరికిన కొద్ది సమయాన్ని మొదట లోపలికే కేటాయించాలి. గోడలు, గోపురం, పొగగొట్టం తర్వాత తీసుకున్నా చాలావరకు దొరుకుతాయి.

రేవుల పక్క ఇన్ని భవనాలు ఒకే తరంలో ఖాళీ అవడానికి పెద్ద కారణం సరుకు రవాణాలో వచ్చిన మార్పు. 1956లో మాల్కమ్ మెక్లీన్ అనే వ్యాపారి ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడలో 58 కంటెయినర్లను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో బస్తాలు, పీపాలు, పెట్టెలు మోసే పని చాలా రేవుల్లో తగ్గిపోయింది. కంటెయినర్ ఓడలకు లోతైన నీరు, విశాలమైన మైదానం కావాలి. ఊరి నడుమ నది ఒడ్డున, నాలుగైదు అంతస్తుల్లో కట్టిన గోదాములతో వాటికి పనిలేదు. లండన్‌లో ఎగువ రేవులు 1967 నుంచి ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చి, 1981లో రాయల్ డాక్స్‌తో ఆ అధ్యాయం ముగిసింది. అదే ఏడాది ఆ ప్రాంతాన్ని కొత్తగా కట్టడానికి ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. లివర్‌పూల్‌లో 1846లో తెరిచిన ఆల్బర్ట్ డాక్ 1972లో మూతపడి, 1988లో మ్యూజియంలతో, దుకాణాలతో మళ్లీ తెరుచుకుంది. నీటి వైపు కిటికీ ఉన్న ఇంటికి ధర ఎక్కువ. ఒకప్పుడు సరుకు దించడానికి పనికొచ్చిన ఒడ్డు ఇప్పుడు చూడ్డానికి పనికొస్తోంది. పునర్నిర్మాణానికి ఇంతకంటే బలమైన ప్రేరణ అక్కర్లేదు.

పడగొట్టబోయే కట్టడాలను ముందే ఫొటో తీసి ఉంచాలన్న ఆలోచన ఫొటోగ్రఫీకి దాదాపు పుట్టుకతోనే ఉంది. 1860ల్లో పారిస్ నగరం తన పాత వీధులు కూల్చివేతకు గురికాక ముందే వాటిని చిత్రించే పని చార్ల్స్ మార్విల్‌కు అప్పగించింది. గ్లాస్గోలో ఇరుకు సందులు తొలగించే ముందు థామస్ అన్నన్ 1868–71 మధ్య ఆ పనే చేశాడు. లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అనే పాత సత్రాన్ని కూల్చేయబోతున్నారని తెలిసి 1875లో మొదలైన ఒక సంఘం, 1886 వరకు 120 చిత్రాలను ముద్రించి పంచింది. వీళ్లందరి పనిలోనూ ఒకే క్రమశిక్షణ కనిపిస్తుంది. ఏ వీధి, ఏ భవనం, ఎటువైపు నుంచి అన్నది చూసేవాళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. జర్మనీలో బెర్న్డ్, హిల్లా బెషర్ దంపతులు 1959 నుంచి దశాబ్దాల పాటు నీటి ట్యాంకులను, గని గోపురాలను, కొలిమి బట్టీలను ఒకే పద్ధతిలో తీశారు. మబ్బు పట్టిన ఆకాశం, నీడలు లేని వెలుగు, ఎదురుగా నిటారు దృష్టి వారి పద్ధతి. పారిశ్రామిక కట్టడాన్ని గౌరవంగా చూడటం లోకానికి నేర్పిన ఘనత వాళ్లదే. అయితే వాళ్ల పనిలో బయటి రూపమే ప్రధానం. రేవు కర్మాగారాన్ని నమోదు చేయాలంటే దానికి లోపలి పనిని కూడా జోడించాలి.

తలుపు దాటక ముందు చేయాల్సిన పని

కెమెరా పట్టుకునే ముందు ఆ భవనంలో ఏం జరిగేదో తెలుసుకోవాలి. అమెరికాలో అగ్నిప్రమాద బీమా కోసం శాన్‌బోర్న్ కంపెనీ 1867 నుంచి తయారు చేసిన పటాలు ఇందుకు అమూల్యం. గోడ ఇటుకదా చెక్కదా, ఎన్ని అంతస్తులు, ఏ గదిలో ఏ పని అన్నవి వాటి మీద రంగుల్లో, గుర్తుల్లో కనిపిస్తాయి. భారతదేశంలో పోర్టు కార్యాలయాల పాత ప్లాన్లు, పురపాలక రికార్డులు, రైల్వే సైడింగు పటాలు అలాంటి పటాల లోటును కొంత తీరుస్తాయి. పునర్నిర్మాణ ప్రతిపాదనల దస్త్రాలు కూడా చదవాలి. సముద్ర తీరంలో ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల లోపు స్థలాలకు తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, అనుమతి కోసం పెట్టిన కాగితాల్లో ఇప్పుడున్న కట్టడాల ప్లాను, ఏది ఉంచుతారు ఏది తీసేస్తారు అన్న వివరం దొరికే అవకాశం ఉంటుంది. దాన్ని బట్టి ఏ గది ముందు తీయాలో తేల్చుకోవచ్చు.

అనుమతి లేకుండా గోడ దూకి తీసిన చిత్రాలు ఎంత బాగున్నా వాటిని గ్రంథాలయాలు, మ్యూజియంలు తీసుకోవడానికి సంకోచిస్తాయి. కింద నేల కుంగితే కాపాడేవాళ్లూ ఉండరు. యజమానికి రాసే లేఖ చిన్నదిగా, నిర్దిష్టంగా ఉండాలి. ఎవరు, ఎన్ని రోజులు, ఎంతమంది, చిత్రాలు చివరికి ఏ సంస్థకు చేరతాయి, యజమానికి ఎన్ని ప్రతులు ఇస్తారు అన్నవి అందులో చెప్పాలి. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న కాగితం మీద సంతకం అడుగుతారు. అడగకపోయినా తామే ప్రస్తావించడం నమ్మకం పెంచుతుంది. స్థలం కాంట్రాక్టరు చేతిలోకి వెళ్లిపోతే యజమాని అనుమతి ఒక్కటే చాలదు, కాంట్రాక్టరు భద్రతాధికారి ఒప్పుకోవాలి. భారతదేశంలో నౌకాదళ స్థావరాలు, డాక్‌యార్డులు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలాలు. విశాఖపట్నంలో వాణిజ్య రేవు, నౌకాదళ డాక్‌యార్డు ఒకే నీటి దారికి దగ్గరదగ్గరగా ఉన్నాయి. అలాంటిచోట లెన్సు ఎటు తిరుగుతుందో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. డ్రోను ఎగరేయాలంటే ఆ గగనతలం ఏ మండలంలో ఉందో డిజిటల్ స్కై పటంలో చూడాలి.

ఇక ప్రాణాలకు సంబంధించిన విషయం. పాత ఆవిరి గొట్టాల చుట్టలో, పైకప్పు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. రాలిపోతున్న రంగులో సీసం ఉండవచ్చు. పావురాల రెట్ట పేరుకున్న గదిలో ధూళి లేపితే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. గుడ్డ మాస్కు వీటిలో దేన్నీ ఆపదు. ఆస్‌బెస్టాస్ సర్వే నివేదిక చూడకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. నీటి తేమకు నానిన చెక్క నేలలు పైకి గట్టిగానే కనిపిస్తాయి. దూలం మీదుగా, గోడ వెంట నడవడం మేలు. ధాన్యం గాదెల్లోకి, సిరప్ తొట్లలోకి, నేలమాళిగల్లోకి తల కూడా పెట్టకూడదు, వాటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లకూడదు.

సరుకు నడిచిన దారి

భవనాన్ని ఏ క్రమంలో తీయాలన్న ప్రశ్నకు అన్నిటికన్నా మంచి జవాబు సరుకే చెబుతుంది. అది ఎక్కడ దిగింది, ఎక్కడ నిలిచింది, ఎలా మారింది, ఏ తలుపు గుండా బయటికి పోయింది అన్న వరసలో నడిస్తే గోడలు, మెట్లు, రంధ్రాలు, పట్టాలు అన్నీ అర్థమవుతాయి. డామినోలో ముడి చక్కెర ఓడల మీద వచ్చేది. ఒడ్డున ఉన్న గాంట్రీ క్రేన్లు దాన్ని ఎత్తి విశాలమైన ముడి చక్కెర గోదాములో పోసేవి. అక్కడి నుంచి శుద్ధి భవనానికి చేరాక దాన్ని కరిగించి, జంతువుల ఎముకలు కాల్చి తయారు చేసిన బొగ్గు గుండా వడకట్టి రంగు తీసేవాళ్లు. తర్వాత గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడి మీద మరిగించి గడ్డ కట్టించేవాళ్లు, గిర్రున తిప్పి పాకం వేరు చేసేవాళ్లు, ఆరబెట్టి పెట్టెల్లో నింపేవాళ్లు.

ఈ వరస తెలియని ఫొటోగ్రాఫరుకు ఆ భవనం బయటి గోడ మీది కిటికీలు వింతగా కనిపిస్తాయి. అవి ఒక వరసలో, ఒకే ఎత్తులో ఉండవు. కారణం లోపల ఉంది. వడపోత పాత్రలు, మరిగించే పాత్రలు అంతస్తులను చీల్చుకుని నిలబడేంత పెద్దవి. గోడలు వాటి చుట్టూ కట్టినవి. తర్వాత ఆ భవనాన్ని కార్యాలయాలుగా మార్చాలనుకున్నప్పుడు వాస్తుశిల్పులకు ఎదురైన చిక్కు కూడా ఇదే. కొత్త అంతస్తులు పాత కిటికీలకు కుదరవు. అందుకే పాత ఇటుక పెంకు లోపల, గోడకు కొంత ఎడంగా, కొత్త గాజు భవనం కట్టారు. అది 2023లో తెరుచుకుంది. యంత్రాలు అక్కడున్నప్పుడు తీసిన చిత్రాలు లేకపోతే ఆ కిటికీల లెక్క రాబోయే తరానికి బోధపడదు. ఒక గదిని తీసేటప్పుడు పై అంతస్తుకు వెళ్లే రంధ్రం, కింది అంతస్తుకు దిగే గొట్టం చట్రంలోకి వచ్చేలా చూసుకుంటే చిత్రానికి చిత్రానికి లంకె పడుతుంది.

అన్ని రేవుల్లో సరుకు దారి ఒకలాగే ఉండదు. కాకినాడ లంగరు రేవులో ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగితే, బియ్యం లాంటి సరుకును బార్జీల మీద వాటి దగ్గరికి చేరుస్తారు. అలాంటిచోట నీటి వైపు మెట్లు, బార్జీ కట్టే గుంజలు, కాటా గది, గోదాము గుమ్మం ముందు బస్తాల రాపిడికి అరిగిన గచ్చు ముఖ్యమవుతాయి. క్రేను ఉన్నా లేకపోయినా మోసిన భుజాలు ఉంటాయి. బస్తా ఎత్తి దించుకోవడానికి కట్టిన అరుగు ఎత్తును కొలబద్దతో సహా ఫొటో తీస్తే కార్మికుడి శ్రమకు అది లెక్కగట్టిన సాక్ష్యం అవుతుంది.

మనుషుల జాడల్లో ఫొటోగ్రాఫర్లు తరచూ వదిలేసేవి కొన్ని ఉన్నాయి. హాజరు గడియారం, చొక్కాలు తగిలించే మేకులు, లాకర్ల మీద పేర్లు, యూనియన్ నోటీసు బోర్డు, దేవుడి పటం ఉన్న మూల, భోజనం చేసే బల్ల. డామినోలో 1999 నుంచి 2001 వరకు దాదాపు ఇరవై నెలల సమ్మె నడిచింది. అలాంటి చరిత్ర ఉన్న చోట నోటీసు బోర్డు వడపోత పాత్ర కంటే తక్కువది కాదు. వీలైతే అక్కడ పనిచేసి రిటైరైన కళాసీని, ఫోర్‌మన్‌ను వెంట తీసుకెళ్లాలి. ఏ మీట ఏం చేసేదో, ఏ మూల వేడి భరించరానిదో, వర్షాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో వాళ్లే చెప్పగలరు. వాళ్ల మాటలు రికార్డు చేయడానికి ముందు అనుమతి అడగాలి, ఫొటో తీస్తే ప్రతి ఇవ్వాలి. చక్కెర కర్మాగారాల్లో మాడిన పాకం వాసన, చేపల గోదాముల్లో ఉప్పు వాసన, యంత్రాల చప్పుడు కెమెరాకు అందవు. అవి నోటుపుస్తకంలోకి ఎక్కాల్సినవి.

వెలుగు, కోణం, కొలత

నీటి ఒడ్డు భవనానికి రెండు ముఖాలు. ఒకటి నీటి వైపు, ఒకటి వీధి వైపు. డామినో నీటి ముఖం పడమటికి తిరిగి ఉంటుంది. మధ్యాహ్నం దాటాకే దాని మీద ఎండ పడుతుంది. పక్కనే ఉన్న విలియమ్స్‌బర్గ్ వంతెన నడకదారి నుంచి పైకప్పులు కనిపిస్తాయి, పడవలోంచి మొత్తం వరస కనిపిస్తుంది. ఆంధ్ర తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి కడలి వైపు ముఖాలకు పొద్దుటి ఎండ అనుకూలం. కాలువ గట్టు మీది గోదాములు మాత్రం ఏ దిక్కుకైనా తిరిగి ఉండొచ్చు, పటంలో చూసుకునే వెళ్లాలి. ఒక ముఖాన్ని ఏటవాలు ఎండలో ఒకసారి, మబ్బులో ఒకసారి తీయడం మంచిది. ఏటవాలు ఎండ ఇటుకల వరసను, మూసేసిన పాత కిటికీల గుర్తులను బయటపెడుతుంది. మబ్బు వెలుగు నీడల చాటున ఉన్నవన్నీ చూపిస్తుంది. ఆటుపోట్ల వేళలు చూసుకుని పోటు తగ్గినప్పుడు వెళ్తే జెట్టీ కింది చెక్క స్తంభాలు, ఇనుప కడ్డీలు, పాత రాతి కట్టడం బయటపడతాయి. పునర్నిర్మాణంలో ఒడ్డు గోడ కొత్తగా కట్టగానే ఇవి కనుమరుగవుతాయి.

కెమెరా ఖరీదు కంటే ట్రైపాడ్ గట్టిదనం ముఖ్యం. కెమెరాను సమతలంగా ఉంచితే గోడలు వెనక్కి వాలినట్టు రావు. ఎత్తైన భవనానికి షిఫ్ట్ లెన్సు ఉంటే మేలు. లేకపోతే వెనక్కి జరిగి, వెడల్పుగా తీసి, కింది భాగాన్ని కత్తిరించుకోవచ్చు. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8 లేదా ఎఫ్/11 దగ్గర ఉంచి, షట్టర్‌ను తీగతోగానీ టైమర్‌తోగానీ వదలాలి. చీకటి గదిలో కిటికీ మండిపోయి, మూలలు నల్లబడతాయి. ఒకే చట్రాన్ని రెండేసి స్టాపుల తేడాతో ఐదు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలపడం దీనికి మందు. కలిపేటప్పుడు మోతాదు మించితే ఇటుక మెరిసి, తుప్పు నారింజ రంగులో వెలిగిపోయి, రికార్డు కాస్తా అలంకారంగా మారుతుంది. రా (RAW) ఫైలులో తీయాలి. ప్రతి గదిలో ఒక చట్రంలో రంగుల చార్టు పెట్టాలి.

బాగా వెడల్పైన లెన్సులు గదిని రెట్టింపు చేసి చూపిస్తాయి. 14 మిల్లీమీటర్ల లెన్సులో మామూలు బాయిలర్ గది కూడా గుడి మండపంలా కనిపిస్తుంది. కొలత తెలియాల్సిన చిత్రాలకు 24 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య లెన్సులే వాడాలి. గోడ పక్కన అడుగుల గుర్తులున్న కొలబద్ద నిలబెట్టి ఒక చిత్రం, అది తీసేసి ఇంకో చిత్రం తీయాలి. పోత ఇనుప స్తంభం మీద ఫౌండ్రీ పేరు, ఇటుక మీద బట్టీ ముద్ర, యంత్రం మీద తయారీ ఫలకం, దూలాల కలయికలోని రివెట్లు, మంగళూరు పెంకుల వెనుక అచ్చు, ఇవన్నీ దగ్గర నుంచి తీయాలి. నిర్మాణ చరిత్రకారులకు భవనం వయసు నిర్ధారించడానికి ఇవే ఆధారం. సమయం ఉంటే గది చుట్టూ తిరుగుతూ ఒక చిత్రానికీ మరో చిత్రానికీ 70 శాతం కలిసేలా తీస్తే, వాటితో కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనా తయారు చేయవచ్చు.

శిథిలం అందంగా ఉంటుందన్న మాట నిజమే. పెచ్చులూడిన గోడ మీద పడే సాయంత్రపు వెలుగు ఎవరినైనా ఆపుతుంది. అలాంటి చిత్రాలు తీయడం తప్పు కాదు. కానీ కాలమంతా వాటికే వెచ్చిస్తే, ఎన్నో కర్మాగారాల చిత్రాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టినప్పుడు ఏది డెట్రాయిట్‌దో ఏది కోల్‌కతాదో చెప్పలేని స్థితి వస్తుంది. పాడుబడ్డ గోడలు అన్నిచోట్లా ఒకేలా పాడుబడతాయి. పని మాత్రం ప్రతిచోటా వేరుగా జరిగింది. ఆ తేడాను పట్టుకోవడమే ఇక్కడ ఫొటోగ్రాఫరు నేర్పు.

చిత్రాలు ఎక్కడికి చేరాలి

అమెరికాలో 1969లో మొదలైన హిస్టారిక్ అమెరికన్ ఇంజనీరింగ్ రికార్డ్ అనే కార్యక్రమం కొలిచి గీసిన పటాలు, చారిత్రక నివేదిక, పెద్ద నెగెటివ్ కెమెరా చిత్రాలు, ఈ మూడింటినీ కలిపి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తోంది. ఆ సామగ్రి 500 ఏళ్లు నిలవాలన్నది వారి ప్రమాణం. వ్యక్తులు అంత చేయలేకపోయినా ఆ పద్ధతిని అనుసరించవచ్చు. భవనం ప్లాను నకలు మీద ప్రతి చిత్రం ఎక్కడ నిలబడి తీశారో చుక్కతో, ఎటు చూస్తూ తీశారో బాణంతో గుర్తించి నంబరు వేయాలి. ఫైలు పేరులో తేదీ, భవనం, అంతస్తు, చిత్రం నంబరు ఉండాలి. ఆ రాత్రే శీర్షిక రాయాలి. వారం ఆగితే రెండు బాయిలర్ గదులు ఒకటైపోతాయి. శీర్షికలో భావావేశం అక్కర్లేదు. “రెండో అంతస్తు, ఉత్తరం వైపు చూస్తూ, ఎముక బొగ్గు వడపోత పాత్రల పై మూతలు” అన్నంత ఉంటే చాలు. ఆ సమాచారం ఫైలు లోపలి మెటాడేటాలో కూడా ఎక్కించాలి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాలు, అందులో ఒకటి వేరే ఊళ్లో అన్నది పాటించాల్సిన కనీస నియమం. ముఖ్యమైన ఒక యాభై చిత్రాలనైనా పిగ్మెంట్ ఇంకుతో, ఆమ్లరహిత కాగితం మీద ముద్రించి ఉంచాలి.

భవనం మిగిలినా ఫొటోగ్రాఫరు పని అయిపోదు. డామినో స్థలంలో ముడి చక్కెర గోదాములో 2014లో కళాకారిణి కారా వాకర్ చక్కెర పూతతో చేసిన బృహత్ శిల్పాన్ని ప్రదర్శించారు. ఆ తర్వాత గోదామును పడగొట్టారు. 2018లో అక్కడ తెరిచిన పార్కులో ఆ గోదాము స్తంభాలు కొన్ని, క్రేన్లు, సిరప్ తొట్లు నిలబెట్టారు. కొచ్చిలో ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వర్తక సంస్థ ఆవరణ 2012 నుంచి బినాలే కళాప్రదర్శనలకు వేదిక అయింది. ఇలాంటి చోట్ల మొదటి విడతలో ట్రైపాడ్ పెట్టిన చోట్ల నుంచే, అదే లెన్సుతో, అదే ఎత్తులో మళ్లీ తీస్తే ఏది ఉంది, ఏది పోయింది, ఏది స్థానం మారి అలంకారంగా మిగిలింది అన్నది పక్కపక్కనే కనిపిస్తుంది. అందుకే మొదటి రోజే కెమెరా ఎత్తు, గోడ నుంచి దూరం రాసిపెట్టుకోవాలి.

చివరగా హక్కుల సంగతి. చిత్రాలు ఇచ్చే ముందు గ్రంథాలయంతో, మ్యూజియంతో లేదా విశ్వవిద్యాలయ వాస్తుశాఖతో ఒక ఒప్పందం రాసుకోవాలి. కాపీరైటు ఎవరిది, పరిశోధకులు ఉచితంగా వాడవచ్చా, వ్యాపార ప్రకటనలకు అనుమతి ఉందా అన్నవి అందులో తేల్చాలి. స్థలం యజమాని తన అమ్మకాల బ్రోచరులో ఈ చిత్రాలు వాడుకోవాలనుకుంటే అది వేరే ఒప్పందం, వేరే రుసుము. పనిచేసినవాళ్ల గొంతుల రికార్డింగులకు వాళ్ల సంతకంతో విడి అంగీకార పత్రం జత చేయాలి. తాళాలు తిరిగి ఇచ్చే రోజున యజమానికి, కార్మిక సంఘానికి, ఊరి గ్రంథాలయానికి తలా ఒక ప్రతి అందజేసి, రసీదు తీసుకుని చిత్రాల జాబితాతో పాటు దాచాలి.